ఎలుగుబంటి లోపల ఎవరు?

మా శనివారం ఆటలో ఒకసారి ఇలా అయింది. రెండో లెవెల్ డ్రూయిడ్ ఒకడు ఎలుగుబంటిగా మారి గోబ్లిన్ల గుంపు మీద పడ్డాడు. అవి చెట్లెక్కి బాణాలు వేశాయి. మూడు, ఐదు, ఏడు బాణాలు. డంజన్ మాస్టర్‌గా కూచున్న నేను లెక్క కూడుకుని, "ఎలుగుబంటి పడిపోయింది" అన్నాను. ఆడుతున్న మిత్రుడు కంగారేం పడలేదు. "సరే, మనిషినైపోతా" అన్నాడు. అయిపోయాడు. ఆఖరి బాణం దెబ్బలో మిగిలిన రెండు పాయింట్ల గీత తప్ప ఒంటిమీద ఏమీ లేదు. తన వంతు రాగానే మళ్ళీ ఇంకో ఎలుగుబంటి.

ఆట ఎలా ఉంటుందో చూద్దామని వచ్చిన వాళ్ళక్క పక్కనే కూచుని ఉంది. "అదేంటి, పాండురాజు జింకని కొడితే అందులో ఉన్న ముని చచ్చిపోయాడు కదా?" అంది.

"ఇక్కడ రూల్ వేరే అక్కా" అనేసి ముందుకెళ్ళిపోయాను. అది సమాధానం కాదని నాకూ తెలుసు. ఆ రూల్ ఎక్కణ్నుంచి వచ్చింది, ఎప్పుడు అలా అయింది అని పాత రూల్ పుస్తకాలు ముందేసుకుని కూచున్నాక ఈ వ్యాసం రాయాలనిపించింది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరు 'స్ట్రేంజర్ థింగ్స్'లో విన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది బల్ల చుట్టూ కూచుని, మాటలతో, పాచికలతో ఆడే కథ. ఒకరు లోకాన్ని నడిపిస్తారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ప్రతి పాత్రకీ ఒక 'క్లాస్' ఉంటుంది, అంటే వృత్తి లాంటిది: యోధుడు, మాంత్రికుడు, పూజారి, దొంగ. ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే అంకె హిట్ పాయింట్లు. ఈ వృత్తుల్లో డ్రూయిడ్ అంటే ప్రకృతి పూజారి. తీగలతో శత్రువుల కాళ్ళు కట్టేస్తాడు, పిడుగుని పిలుస్తాడు, జంతువులతో మాట్లాడతాడు, జంతువుగా మారతాడు. ఈ నాలుగోదే మన గొడవ.

చరిత్రలో ఉన్న డ్రూయిడ్లకి ఈ నాలుగోది లేదు. వాళ్ళ గురించి తెలిసిందంతా వాళ్ళ శత్రువులో, దూరపు పరిశీలకులో రాసింది. గాల్‌ని జయించిన జూలియస్ సీజర్, తన యుద్ధ చరిత్ర ఆరో భాగంలో వాళ్ళని తీర్పులు చెప్పే పెద్దలుగా, పన్నులూ యుద్ధమూ అక్కర్లేని పండితులుగా చూపిస్తాడు. కొందరు ఇరవై ఏళ్ళు చదివేవాళ్ళట, ఆ చదువుని రాతలో పెట్టడం తప్పనుకునేవాళ్ళట. ఆత్మ చావదు, ఒకరి నుంచి ఇంకొకరిలోకి పోతుంది అని బోధించేవాళ్ళట. వందేళ్ళ తర్వాత ప్లినీ ఇంకో బొమ్మ ఇచ్చాడు: చంద్రుడి ఆరోనాడు, తెల్లబట్టలు కట్టుకున్న పూజారి ఓక్ చెట్టెక్కి, దాని మీద పెరిగిన మిసిల్టోని బంగారు కొడవలితో కోస్తాడు. మిసిల్టో అంటే మన మామిడిచెట్ల మీద పెరిగే బదనికకి చుట్టం. మనకి అది తోటని పాడుచేసే పీడ, వాళ్ళకి సర్వరోగ నివారిణి.

ఇంతే. ఎలుగుబంట్లు లేవు. రూపం మార్చేవాళ్ళు కావాలంటే పొంపోనియస్ మేలా దగ్గరికి వెళ్ళాలి. గాల్ తీరానికి దగ్గర్లోని సేనా అనే దీవిలో తొమ్మిదిమంది కన్య పూజారిణులున్నారని, మంత్రాలతో గాలినీ సముద్రాన్నీ లేపుతారని, నయంకాని రోగాలు నయం చేస్తారని, కోరిన జంతువుగా మారతారని ఆయన రాశాడు. వాతావరణం, వైద్యం, రూపం మార్చడం! ఆటలోని డ్రూయిడ్ చేసే పనుల పట్టిక మొత్తం ఇదే. చిక్కల్లా ఆయన వాళ్ళని డ్రూయిడ్లనలేదు.

ఐర్లండ్ కథల్లో డ్రూయిడ్లు రూపాలు మారుస్తారు, కానీ ఎదుటివాళ్ళవి. ఫియర్ డోరికా అనే చీకటి డ్రూయిడ్, తనని కాదన్న సైవ్ అనే అమ్మాయిని లేడిగా మార్చేస్తాడు. వీరుడు ఫిన్ వేటకెళ్ళినప్పుడు అతని వేటకుక్కలు ఆమెని గుర్తుపట్టి ముట్టుకోకుండా వదిలేస్తాయి. ఫిన్ కోటలో అడుగుపెట్టగానే ఆమె మళ్ళీ మనిషవుతుంది. అతను యుద్ధానికి వెళ్ళిన రోజున డ్రూయిడ్ మాయచేసి ఆమెని బయటికి రప్పించి మళ్ళీ లేడిని చేస్తాడు. ఫిన్ ఏళ్ళ తరబడి వెతుకుతాడు. ఆమె దొరకదు, అడవిలో కొడుకు దొరుకుతాడు. వాడి పేరు ఆషీన్, చిన్నలేడి అని అర్థం. ఈ కథలో రూపం మారడం శక్తి కాదు, ఒకరి బతుకుని లాక్కోవడం.

ఇప్పుడు అమెరికా. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ మూడు చిన్న పుస్తకాలుగా డీ అండ్ డీని తెచ్చినప్పుడు అందులో వృత్తులు మూడే: యోధుడు, మాంత్రికుడు, పూజారి. మరుసటేడు వచ్చిన 'గ్రేహాక్' అనే అనుబంధంలో డ్రూయిడ్ మొదటిసారి కనిపిస్తాడు, కాకపోతే రాక్షసుల పట్టికలో. అడవిలో ఎదురుపడితే భయపడాల్సిన వింత పూజారి. రూపాలు మార్చడం అప్పటికే ఉంది. అంటే ఈ శక్తి మొదట మనం ఆడుకోడానికి పెట్టింది కాదు, మనల్ని బెదిరించడానికి పెట్టింది.

1976లో 'ఎల్డ్రిచ్ విజార్డ్రీ' అనే మూడో అనుబంధంలో డ్రూయిడ్ ఆటగాళ్ళ చేతికొచ్చాడు. పుస్తకం మీద పేర్లు గైగాక్స్‌వీ, బ్రయన్ బ్లూమ్‌వీ. డ్రూయిడ్‌ని వృత్తిగా మలిచినవాడు మాత్రం డెనిస్ సస్టేర్. లోపలి కృతజ్ఞతల్లో ఆయన్ని 'గ్రేట్ డ్రూయిడ్' అన్నారు. తర్వాత ఒక మంత్రానికి, నిప్పుల రథాన్ని రప్పించే దానికి, ఆయన పేరే పెట్టారు.

ఇక్కడ నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. అదే 1976లో, అదే సస్టేర్, స్కాట్ రాబిన్సన్‌తో కలిసి 'బన్నీస్ అండ్ బరోస్' అని ఇంకో ఆట తెచ్చాడు. రిచర్డ్ ఆడమ్స్ 'వాటర్‌షిప్ డౌన్' నవల చదివిన ఉత్సాహంలోంచి వచ్చిన ఆట అది. అందులో అందరూ కుందేళ్ళే. ఆ ఆటలో కత్తి లేదు, నక్క వస్తే పరిగెత్తాలి, మనిషి అర్థంకాని పెద్ద ప్రమాదం. ఒకే ఏడాది, ఒకే బుర్రలోంచి, జంతువు కావడం అనే ఊహకి రెండు జవాబులు: ఒకదాంట్లో మనిషి జంతువు ఒంటిని వాడుకుంటాడు, ఇంకోదాంట్లో జంతువు కళ్ళతో లోకం కనిపిస్తుంది. మొదటిది కోట్లమంది ఆడే ఆటలో భాగమైంది. రెండోది ఇష్టపడి వెతుక్కునేవాళ్ళకి మాత్రమే దొరుకుతుంది.

1978 నాటి 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్'లో డ్రూయిడ్ పేజీలు చదువుతుంటే నాకు ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టించే కాగితాలు గుర్తొచ్చాయి. లోహ కవచం వేసుకోకూడదు. మంచికీ చెడుకీ, క్రమానికీ కల్లోలానికీ మధ్య తటస్థంగానే ఉండాలి. మిసిల్టో దగ్గర లేకపోతే మంత్రం బలం తగ్గుతుంది. అడవిని ఎట్టి పరిస్థితుల్లోనూ నాశనం చెయ్యకూడదు, ఆ అడవి దుష్టమైనదైనా సరే, మీ మీదికి వస్తున్నా సరే. ప్లినీ బంగారు కొడవలిని ఆయుధాల పట్టికలో పట్టించలేక, వంపు తిరిగిన కత్తి ఒకటి అనుమతించారు. పదోన్నతి మరీ విచిత్రం. పన్నెండో లెవెల్ డ్రూయిడ్లు లోకం మొత్తంలో తొమ్మిదిమందే, పదమూడో లెవెల్ ముగ్గురు, పద్నాలుగో లెవెల్ ఒక్కడు. పైకెళ్ళాలంటే పైనున్నవాణ్ణి ద్వంద్వయుద్ధంలో ఓడించాలి. ఓడితే కిందికి జారతారు. మా ఆఫీసులో అప్రైజల్ సీజన్ ఇంత నిజాయితీగా ఎప్పుడూ జరగలేదు.

ఈ నిబంధనల మధ్య, ఏడో లెవెల్లో, రూపం మార్చే శక్తి వస్తుంది. రోజుకి మూడుసార్లు: ఒకసారి పాకే జంతువు, ఒకసారి పక్షి, ఒకసారి క్షీరదం. చిన్నపిట్ట నుంచి నల్ల ఎలుగుబంటి దాకా. మారినప్పుడు అప్పటిదాకా తగిలిన దెబ్బల్లో పదో వంతు నుంచి పది వంతుల్లో ఆరు వంతుల దాకా మానిపోతాయి. యుద్ధానికి దీన్ని వాడుకోవచ్చు గానీ, నల్ల ఎలుగుబంటి ఆ లెవెల్‌కి గొప్ప ఆయుధమేం కాదు. కాకి అయి కోట మీంచి చూసి రావడం, పాము అయి తలుపు సందులోంచి దూరడం, గాయపడినప్పుడు జింక అయి పారిపోవడం, ఇవీ అసలు ఉపయోగాలు.

అదే పుస్తకంలో కొన్ని పేజీల అవతల మాంత్రికుడి మంత్రం ఒకటుంది: ఎదుటివాణ్ణి వేరే జీవిగా మార్చేది. దాని రూల్ చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. మారేటప్పుడే ఆ కుదుపుకి ప్రాణం పోవచ్చు, పాచిక వెయ్యాలి. బతికితే రోజూ ఇంకో పాచిక: ఇవాళ నీ మనసు కూడా ఆ జంతువుదైపోయిందా? కప్పగా మారిన రాజు నాలుగు రోజులు రాజులాగే ఆలోచించి, ఐదో రోజు పొద్దున్నే ఈగ కోసం చూడొచ్చు. డ్రూయిడ్‌కే ఇంకో మంత్రముంది, చచ్చినవాణ్ణి పునర్జన్మలోకి తెచ్చేది. ఏ ఒంట్లో వస్తాడో పాచిక చెప్తుంది, పట్టికలో మనిషితో పాటు బ్యాడ్జర్, నక్క, గుడ్లగూబ, దుప్పి ఉన్నాయి. సీజర్ చెప్పిన ఆత్మల ప్రయాణం ఇక్కడికి చేరిందన్నమాట. కత్తి తిప్పిన మీ వీరుడు మిగతా ప్రచారమంతా బ్యాడ్జర్‌గా తిరగాల్సి రావచ్చు.

అంటే ఆట రాసినవాళ్ళకి ప్రశ్న తెలుసు. ఒళ్ళు మారితే మనసేమవుతుందన్నదానికి రూల్ ఎలా రాయాలో కూడా తెలుసు. అయినా డ్రూయిడ్ స్వయంగా మారేటప్పుడు ఆ రూల్‌ని పక్కన పెట్టారు. అప్పటికది సబబే. డ్రూయిడ్ ధర ముందే చెల్లించాడు: లోహం వదిలేశాడు, పక్షం వదిలేశాడు, అడవికి మాటిచ్చాడు. అతను కాకిగా మారడం ఆ ఒప్పందంలో అవతలివైపు నుంచి వచ్చిన ప్రతిఫలం.

తర్వాతి ఇరవై, ముప్ఫై ఏళ్ళలో జరిగిందేమిటంటే, ప్రతిఫలం పెరుగుతూ పోయింది, ఒప్పందం కాగితాలు ఒక్కొక్కటే చిరిగిపోయాయి. 1989 నాటి రెండో ఎడిషన్‌ని దాటేయొచ్చు, అందులో రూపం మార్చే పద్ధతి దాదాపు పాతదే. 2000లో మూడో ఎడిషన్ వచ్చింది. అప్పటికి డీ అండ్ డీ యజమానులు మారి విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ చేతిలోకి వెళ్ళింది. రూపం మార్చడానికి ఇప్పటికీ వాడుతున్న పేరు, 'వైల్డ్ షేప్', ఇందులో స్థిరపడింది. ద్వంద్వయుద్ధాల పదోన్నతి పోయింది. 2003 సవరణ నాటికి రూల్ ఇలా తయారైంది: జంతువుగా మారితే బలం, చురుకుదనం, ఒంటి గట్టిదనం జంతువువి, బుద్ధి, వివేకం, ఆకర్షణ మీవి. దానికి తోడు 'నేచురల్ స్పెల్' అనే నైపుణ్యం తీసుకుంటే జంతువు రూపంలోనే మంత్రాలు కూడా వెయ్యొచ్చు.

ఈ రూల్ చదవగానే నాలోని ఇంజనీర్‌కి నవ్వొచ్చింది. పాత్ర తయారుచేసేటప్పుడు మీ దగ్గరున్న పాయింట్లన్నీ వివేకంలో పోసేయండి, బలం గుండుసున్నా అయినా పర్లేదు, ఎలాగూ ఎలుగుబంటి దగ్గర అప్పు తెచ్చుకుంటారు కదా. ఇంకా పెద్ద లొసుగు వేరే ఉంది. డ్రూయిడ్ ఏ జంతువులు కావచ్చో డ్రూయిడ్ పేజీలో లేదు, రాక్షసుల పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం రాసినవాళ్ళు ఆటగాళ్ళు ఎదిరించడానికి జంతువుల్ని తయారుచేశారు, వేసుకోడానికి కాదు. సాఫ్ట్‌వేర్లో ఎవరో రాసిన లైబ్రరీని మన కోడ్‌లోకి లాక్కుని, దాని కొత్త వెర్షన్లన్నీ తనిఖీ లేకుండా దిగుమతి చేసుకోవడం లాంటిదిది. 2004లో మూడో రాక్షసుల పుస్తకం వచ్చింది. అందులో ఫ్లెష్‌రేకర్ అని ఒక డైనోసార్ ఉంది: దూకి, కిందపడేసి, విషంతో పీకేస్తుంది. డ్రూయిడ్ పేజీలో ఒక్క అక్షరం మారలేదు. కానీ ఆ రోజు నుంచి ప్రపంచంలోని డ్రూయిడ్లందరి బలం పెరిగింది. పూజారి, డ్రూయిడ్ కలిసి మిగతావాళ్ళకి ఆటలో పని లేకుండా చేస్తున్నారని ఆటగాళ్ళు వాళ్ళకి గాడ్జిలాని గుర్తుచేసే ముద్దుపేరు పెట్టారు, కాడ్‌జిల్లా.

దీన్ని సరిచెయ్యడానికి వాళ్ళు పడ్డ పాట్లే తర్వాతి చరిత్ర. 2006లో రెండో 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్'లో ప్రత్యామ్నాయంగా, ముందే కొలిచి కుట్టిన కొన్ని రూపాలు మాత్రమే తీసుకునే డ్రూయిడ్‌ని ఇచ్చారు. 2008లో నాలుగో ఎడిషన్ మొదటి పుస్తకంలో డ్రూయిడే లేడు. 2009లో తిరిగొచ్చినప్పుడు, ఎన్నిసార్లైనా మారొచ్చు, కానీ అంకెలేవీ మారవు, తోడేలైనా పులైనా మీ దాడులు మీవే. రాక్షసుల పుస్తకంతో తాడు తెగిపోయింది. కోడ్‌గా చూస్తే ఇంత శుభ్రమైన పరిష్కారం ముందూ వెనకా లేదు. ఆడేటప్పుడు మాత్రం తోడేలుకీ పులికీ తేడా ఏమిటో చెప్పడానికి మన మాటలే దిక్కు. నాకైతే ఇది నచ్చింది. చాలామందికి నచ్చలేదు.

2014లో ఐదో ఎడిషన్. మా శనివారం గోబ్లిన్లు బాణాలు వేసింది ఈ రూల్ మీదే. చంద్రవర్గం డ్రూయిడ్ రెండో లెవెల్లోనే గోధుమరంగు ఎలుగుబంటి కావచ్చు. ఆ ఎలుగుబంటికి 34 హిట్ పాయింట్లు. ఆ లెవెల్ డ్రూయిడ్‌కి సొంతంగా ఉండేవి పదిహేను, పదిహేడు. దెబ్బలన్నీ ముందు ఎలుగుబంటి ఖాతాలో పడతాయి. అది సున్నా అయితే లోపలి మనిషి బయటికొస్తాడు, ఆఖరి దెబ్బలో మిగిలింది మాత్రమే అతనికి తగులుతుంది. కాసేపు కూచుని సేదతీరేలోపు ఇలా రెండుసార్లు చెయ్యొచ్చు. 34 రెళ్ళు 68. పక్కన నిజంగా కవచం వేసుకుని, నిజంగా దెబ్బలు తింటున్న యోధుడికి ఉండేవి ఇరవై. ఇరవయ్యో లెవెల్లో మారడానికి లెక్కే లేదు: ప్రతి వంతులోనూ 126 పాయింట్ల మామత్ అయిపోవచ్చు. అప్పటికి జంతువు అనేది పూర్తిగా కవచమైపోయింది. పడ్డప్పుడు విప్పి ఇంకోటి తొడుక్కుంటారు.

లోహ కవచం నిషేధం మాత్రం ఆ పుస్తకంలో ఒక వాక్యంగా మిగిలింది. వేసుకోరు, అంతే. వేసుకుంటే ఏమవుతుంది అని ఆటగాళ్ళు అడిగితే, అధికారిక జవాబుల్లో ముందు పేలిపోతాడని జోక్ వేసి, తర్వాత శాకాహారి పోలిక తెచ్చారు: మాంసం తినలేక కాదు, తినకూడదనుకుని తినడు. మన ఇళ్ళల్లో దీన్ని ఎవరికీ వివరించక్కర్లేదు. వ్రతం అంటే అదే, భంగమైతే పిడుగు పడుతుందని కాదు. 2024 పుస్తకంలో ఆ వాక్యమూ లేదు.

ఆ 2024 పుస్తకం వెనక చిన్న యుద్ధం ఉంది. 2023 ఫిబ్రవరిలో ముందస్తు పరీక్ష కోసం ఒక ముసాయిదా వదిలారు: జంతువులుండవు, నేల జంతువు, నీటి జంతువు, గాలి జంతువు అని మూడు మూసలుంటాయి. ఇంజనీర్లు చేసే పనే అది. ఆటగాళ్ళు ఒప్పుకోలేదు. మాకు మూస వద్దు, ఎలుగుబంటి కావాలి. చివరికి అసలు జంతువులే తిరిగొచ్చాయి, కాకపోతే మీకు తెలిసిన కొన్నే, రెండో ఖాతా మాత్రం మూసేశారు. ఇప్పుడు ఎలుగుబంటిగా ఉన్నప్పుడు కూడా హిట్ పాయింట్లు మీవే, పైన లెవెల్‌ని బట్టి కొన్ని తాత్కాలిక పాయింట్లు కలుస్తాయి. అంటే 2024లో, పది సంవత్సరాల తర్వాత, బాణం మళ్ళీ లోపలి మనిషికి తగలడం మొదలైంది. కారణం కిందముడు కాదు, ఆటలో తూకం. అయినా సంతోషమే.

కిందముడి దగ్గరికి ఇప్పుడు రావచ్చు. ఆదిపర్వంలో ఆ ముని జింకగా మారింది యుద్ధం కోసం కాదు, వేగు కోసం కాదు. మనుషుల ముందు సిగ్గుపడి, భార్యతో కలవడానికి జింకల్లో జింకై తిరుగుతున్నాడు. పాండురాజు బాణం వేశాడు. జింక పడింది, మనిషి మాట్లాడాడు. ఆ చివరి మాటల్లో నాకెప్పుడూ ఆశ్చర్యంగా అనిపించేది శాపం కాదు, దానికి ముందు తీర్చిన లెక్క. నువ్వు తెలియక, జింకని అనుకుని కొట్టావు కాబట్టి నీకు బ్రహ్మహత్య అంటదు అంటాడు. అంటే చచ్చిందెవరు అన్న ప్రశ్నకి కథలోనే రెండు జవాబులున్నాయి: ప్రాణం పోయింది మునికి, పాపం లెక్కలో పోయింది జింక. సంగమంలో ఉన్న ప్రాణిని కొట్టావు, దానికి మాత్రం అనుభవిస్తావు అంటాడు. మారీచుడిదీ దాదాపు ఇంతే. బాణం తగిలాక సొంత రూపం వస్తుంది, ఐదో ఎడిషన్‌లోలాగే. కాకపోతే చావడానికి వస్తుంది.

ఇది మన కథల గొప్ప అని చెప్పడానికి ఎత్తలేదు. సైవ్ కథ చెప్పేదీ ఇదే. ఆట పుట్టడానికి ఆరేళ్ళ ముందు, 1968లో, అమెరికాలోనే అర్సులా లె గ్విన్ 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో ఇంకా సూటిగా రాసింది. అందులో గెడ్ డేగై ఎగిరిపోయి, రోజుల తరబడి ఆ రూపంలోనే ఉండి, గురువు దగ్గరికి చేరేసరికి డేగ కోపం తప్ప ఏమీ మిగలని స్థితికొస్తాడు. అక్కడే ఆమె ఇంకో మాంత్రికుడి సంగతి చెప్తుంది. అతనికి ఎలుగుబంటి కావడమంటే ఇష్టం. పదేపదే అయ్యాడు. లోపల మనిషి పోయి ఎలుగుబంటే మిగిలింది. అడవిలో కన్నకొడుకునే చంపాడు, తర్వాత జనం వేటాడి అతన్ని చంపారు. 1979లో గైగాక్స్ తన ఆటకి స్ఫూర్తినిచ్చిన పుస్తకాల పెద్ద జాబితా ప్రకటించాడు. టోల్కీన్ ఉన్నాడు, హోవర్డ్ ఉన్నాడు, వాన్స్ ఉన్నాడు. లె గ్విన్ లేదు. ఒక పేరు ఆ జాబితాలో ఉంటే ఆట మారిపోయేదని అనను. కానీ ఎలుగుబంటి ఖాతా వేరు, మనిషి ఖాతా వేరు అని రాసే చెయ్యి ఒక్క క్షణం ఆగేదేమో.

మిగతా ఆటలు ఆగాయి. 1992 నాటి 'వేర్‌వుల్ఫ్: ది అపోకలిప్స్'లో మనిషికీ తోడేలుకీ మధ్య ఐదు రూపాలుంటాయి, అన్నిట్లోనూ ఆవేశం కట్టుతెంచుకుంటే స్నేహితుణ్ణి కూడా గుర్తించని ప్రమాదముంది. ప్రకృతి అక్కడ వేషం కాదు, నాశనమవుతున్న తల్లి. 2012 నాటి 'డంజన్ వరల్డ్' డ్రూయిడ్ నాకు ఇంకా ఇష్టం. అంకెలు మారవు. పాచిక వేస్తే ఆ జంతువు చేసే పనులు కొన్ని చేసే అవకాశం దొరుకుతుంది, అవి అయిపోగానే మనిషవుతాడు. ఇంకో చిన్న నియమం: ప్రతి డ్రూయిడ్‌కీ తను పుట్టిన నేల వదిలిన గుర్తు ఒకటుంటుంది. ఏ రూపంలో ఉన్నా అది పోదు. ఆకుపచ్చ కళ్ళ మనిషి, ఆకుపచ్చ కళ్ళ తోడేలు. ఫిన్ వేటకుక్కలు సైవ్‌ని పోల్చుకున్నట్టు మనమూ పోల్చుకోవచ్చు.

ఇవన్నీ చదివాక మా టేబుల్ రూల్ మార్చాను, లె గ్విన్ ధైర్యంతో, కాస్త అత్యుత్సాహంగా. జంతువు రూపంలో పడిపోతే పాచిక వెయ్యాలి, తప్పితే గంటసేపు మనసు జంతువుదే, పాత్రని నేను నడిపిస్తాను. రెండు శనివారాలు కూడా నిలవలేదు. మూడోవారం మిత్రుడు పాచికలు బల్లమీద పెట్టేసి, "నువ్వు నడిపిస్తే నేనెందుకు, ఇంట్లో పడుకుంటా" అన్నాడు. వాడన్నది నిజం. కథ రాసేవాడికి మనిషిని కోల్పోవడం మంచి ఘట్టం. ఆడేవాడికి ఆ మనిషి తప్ప ఇంకేమీ లేదు. యాభై ఏళ్ళుగా రూల్ రాసేవాళ్ళు మనసుని ముట్టుకోకుండా ఒంటినే మార్చడానికి బద్ధకం కారణం కాదు, ఇదీ కారణం. వాళ్ళని తిట్టుకుంటూ మొదలుపెట్టినవాణ్ణి ఇక్కడ కొంచెం తగ్గాను.

చివరికి రాజీ వాళ్ళక్కే చెప్పింది. జంతువుగా పడిపోయిన ప్రతిసారీ ఆ జంతువుది ఒకటి ఇతనిలో ఉండిపోవాలి, అదేమిటో ఆడేవాడే చెప్పుకోవాలి. మొదటిసారి వాడు చాలాసేపు ఆలోచించి, పొగ వాసన వస్తే గదిలో ఉండలేను అని రాసుకున్నాడు. రెండోసారి, చీకట్లో ఎవరైనా వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే అది తన పేరని వెంటనే తట్టదు అని. ఈ రెండిటివల్ల ఒక్క హిట్ పాయింట్ కూడా తగ్గదు. అయినా వాడు ఎలుగుబంటి అవడం బాగా తగ్గించేశాడు. ఎక్కువగా కాకి అవుతున్నాడు, కోటల మీంచి చూసి వస్తున్నాడు, 1978లోలాగ. పోయినవారం సత్రంలో పొయ్యి రాజేస్తే మిగతావాళ్ళంతా లోపల భోజనానికి కూచున్నారు. వీడు బయట వానలో నిలబడి కిటికీలోంచి మాట్లాడాడు. వాళ్ళక్క పళ్ళెం కిటికీ దగ్గరికి తెచ్చిచ్చింది. అన్నట్టు ఆమె ఇప్పుడు మా ఆటలో ఉంది, యోధురాలు. మొత్తం ఇరవై హిట్ పాయింట్లు.